కిటికీలో రసాస్

ఆ రోజు అంకాలమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. అన్నం వార్చేలోగా సామాన్ల గది కిటికీ సందులన్నీ టేపుతో మూసెయ్యాలి. మూసేస్తే గాలి రాదు. గాలి రాకపోతే విషవాయువు రాదు. విషవాయువు రాకపోతే మూడేళ్ళ కూతురు గురమ్మ బతుకుతుంది. తక్కినవాళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇరాకీ సైన్యం కువైట్‌లోకి వచ్చి అయిదు నెలలైంది. జనవరి సగం దాటితే యుద్ధం తప్పదని, యుద్ధమంటూ వస్తే ఇంట్లో ఒక గదిని సందు లేకుండా మూసుకొని అందులో కూర్చోవాలని రేడియోలో చెప్పారట. అంకాలమ్మ రేడియో వినదు. వింటే గుండెదడ. పక్కింట్లో వంట చేసే కడప జుబేదా బీ విని, దానికి కాస్త తాలింపు పెట్టి, పిట్టగోడ మీదనుంచి ఈమెకు అందిస్తుంది. అందువల్ల దడ రెండింతలు.

నిజానికి ఆ పాటికి వాళ్ళు రాయచోటిలో ఉండాల్సినవాళ్ళు. మనదేశం వాళ్ళంతా బస్సులెక్కి, ఎడారి దాటి, విమానాల్లో వెళ్ళిపోతున్నప్పుడు మొగుడు రామాంజులు రెండుసార్లు పేర్లు రాయించి వచ్చాడు. రెండుసార్లూ అంకాలమ్మే కొట్టేయించింది. నడి ఎడారిలో బస్సు చెడిపోతే? పాపకు విరేచనాలు పట్టుకుంటే? పైకి పోయిన విమానం దిగే చోటు మరిచిపోతే? ఇవన్నీ పోను, పెద్ద మామా ఒకతే ఎట్లా ఉంటుంది?

పెద్ద మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, డెబ్బై దాటిన ముసలమ్మ. కొడుకులూ కోడళ్ళూ ఆగస్టులోనే కార్లన్నీ తోలుకొని సౌదీ వైపు వెళ్ళిపోయారు. ఆమె మాత్రం, ఫింటాస్‌లో మొగుడు కట్టిన ఇల్లు వదిలి వచ్చేది లేదని ఊతకర్ర నేలకేసి కొట్టి కూర్చుంది. ఆ మొగుడు బతికున్నన్నాళ్ళూ పడవలు చేయించేవాడు. పడవలకు పూయగా మిగిలిన తెల్లరంగు ఇంటికి తెచ్చి కిటికీలకు పూయించేవాడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. రంగు మాత్రం పోలేదు. పొక్కులు లేచిన అప్పడంలా పగిలి, పెచ్చులు పెచ్చులుగా కిటికీని పట్టుకొని వేలాడుతోంది.

రామాంజులు ఆ ఇంటి డ్రైవరు. తోలడానికి కార్లు లేనందువల్ల పెళ్ళాం చెప్పిన పనల్లా చేస్తున్నాడు. ఆ పొద్దు టేపుచుట్ట పట్టుకొని కిటికీ దగ్గర నిలబడి అరగంట కుస్తీ పట్టాడు.

"ఏమ్మే, ఇది అయ్యే పని కాదు. టేపు అంటిస్తానే పెచ్చుతో సహా ఊడొస్తాండాది. ముందు ఈ రంగంతా గీకల్ల."

"గీకు మరి! దానిక్కూడా ముహూర్తం చూపిచ్చల్లనా? నువ్వు ఆలోచన చేసేలోపల యుద్ధం వచ్చి పోతాది."

"వచ్చి పోతే మంచిదే గదా," అంటూ రామాంజులు వంటింటి పాత కత్తి తెచ్చుకొని బరబరా గీకడం మొదలుపెట్టాడు. కత్తికి లొంగని చోట గరుకు కాగితం పెట్టి రుద్దాడు. గదంతా తెల్లదుమ్ము లేచింది. పది నిమిషాల్లో అతని మీసం నెరిసి, ముప్పై ఏళ్ళవాడు వాళ్ళ తాత మాదిరి తయారయ్యాడు. గురమ్మ ఆ దుమ్ములోనే చతికిలబడి రాలిన పెచ్చుల్ని ఒళ్ళోకి ఏరుకుంటోంది.

"అమ్మా, అప్పడాలు!"

"ఆడుకో అమ్మణ్ణీ. నాయనకు అడ్డం పోబాక," అంది అంకాలమ్మ.

పాపకు పెట్టింది అత్తగారి పేరు. ఆ పేరు పెట్టి గదమాయించడానికి అంకాలమ్మకు నోరు రాదు. ఎంత కోపమొచ్చినా "అమ్మణ్ణీ" అనే అంటుంది. ఆ పిలుపుతో తిట్టినా ముద్దు చేసినట్టే ఉంటుంది కాబట్టి గురమ్మ ఎవరి మాటా వినకుండా పెరుగుతోంది. నెల్నాళ్ళుగా అన్నం సరిగ్గా తినడం లేదు. మధ్యమధ్య కడుపునొప్పి అంటుంది. అది జుబేదా బీ దిష్టి అని అంకాలమ్మ గట్టి నమ్మకం. ఆ క్షణంలో ఆమె భయపడుతున్నవి చాలానే ఉన్నాయి. గాలి, మిలిటరీవాళ్ళు, కత్తి జారి మొగుడి వేలు తెగడం, బియ్యం డబ్బాలో పురుగు. కింద రాలుతున్న పెచ్చులు మాత్రం ఆ లెక్కలో లేవు.

గీకుడు చప్పుడు విని పెద్ద మామా వచ్చింది. గుమ్మంలో ఆగి, దుమ్మును చూసి, పాపను చూసి, కర్ర పైకెత్తి కేకలేసింది.

"లా! లా! దరీషా ఫీ రసాస్! రసాస్! యాహిల్ బర్రా!"

అంకాలమ్మకు వచ్చిన అరబ్బీ అంతా ఇంటి పనులకు సరిపడా మాత్రమే. లా అంటే వద్దు, దరీషా అంటే కిటికీ. రోజూ తుడిచేది ఆమే. యాహిల్ అంటే బిడ్డ, బర్రా అంటే బయటికి. రసాస్ అన్న మాట మాత్రం ఆగస్టులో నేర్చుకుంది. అప్పటినుంచీ వీధిలో అందరి నోటా అదే మాట. రసాస్ అంటే తుపాకీ తూటాలు.

కిటికీలో తూటాలు!

ఒక్క ఉదుటున పాపను చంకనేసుకొని వసారాలో దింపి వచ్చింది. "మామా, రసాస్? హినీ?" అని కిటికీ కొయ్యను చూపించి అడిగింది.

"ఏవా, హినీ! వాజిద్ రసాస్!" అంది మామా. ఇక్కడే, బోలెడు ఉన్నాయని.

ఈ పిల్లకు అరబ్బీ ఎక్కదని మామాకు తెలుసు. అందుకే చేతులతో చెప్పింది. వేలు పెదవుల మీద పెట్టుకొని, ఆ వేలు వద్దు వద్దన్నట్టు ఆడించింది. తర్వాత, "మాయ్! మాయ్!" అంటూ కిటికీ వైపు చెయ్యి విసిరింది. మాయ్ అంటే నీళ్ళు. కిటికీ అవతల పెరట్లో ఉన్న నీళ్ళు పాత బిర్కాలోవే. వాననీళ్ళు పట్టుకోవడానికి వెనకటివాళ్ళు నేలలో కట్టించిన తొట్టి అది. చెప్పాల్సింది చెప్పేశానన్న తృప్తితో మామా నమాజుకు వెళ్ళిపోయింది.

"ఏమయ్యా, ఇన్నావా?" అంకాలమ్మ మొగుడి చెవి దగ్గరికి వచ్చింది. "కొయ్య లోపల తూటాలు దాచిపెట్టినారంట!"

"ఎవురు?"

"చిన్నకొడుకు వేటకు పొయ్యేటోడు గదా. పొయ్యేటప్పుడు తుపాకీ తీసకపోయినాడు, తూటాలు ఈడ పెట్టిపోయినాడు. నువ్వేమో పొద్దున్నించీ వాటిమీద కత్తితో గీకుతాండావు!"

రామాంజులు చేతిలోని కత్తిని, నిద్రపోతున్న పామును పడుకోబెట్టినంత మెల్లగా కింద పెట్టాడు.

"మొన్న వెనక వీధిలో రెండు తూటాలు దొరికితే ఇంట్లో మొగోళ్ళనంతా లారీ ఎక్కిచ్చినారంట. నిన్ను ఎక్కిస్తే పాపకు దిక్కెవరు? ఎవురికీ చెప్పద్దని మామా నోటిమీద ఏలు పెట్టి చెప్పింది. నీళ్ళల్లో పారెయ్యమని బిర్కా చూపిచ్చింది. పద!"

"ఏది పారేసేది? తూటా యాడుందో కనపడదే. గీకి చూస్తే పేలుతాది."

"కిటికీ కిటికీనే పారెయ్!"

రామాంజులు గడ్డపార తెచ్చాడు. ముప్పై ఏళ్ళ కొయ్య, సున్నమూ ఇటుకముక్కలూ వెంటేసుకొని కిర్రుమంటూ ఊడి వచ్చింది. పొద్దున్నించీ ఏ గాలిని ఆపాలని చూశారో ఆ గాలి, గోడలో పడిన నిలువెత్తు బెజ్జంలోంచి సంతోషంగా లోపలికి వచ్చి టేపుచుట్టను దొర్లించుకుంటూ పోయింది.

కిటికీ ఎవరి కంటా పడకూడదు. అంకాలమ్మ ఉతికిన తెల్లదుప్పటి తెచ్చి దానికి పైనుంచి కిందిదాకా చుట్టింది. విడిపోతుందేమోనని రెండు చివర్లా, మధ్యలో తాడు కట్టింది. మూట సరిగ్గా మనిషి పొడుగు వచ్చింది. ముందు అతను, వెనక ఆమె, ఆమె కొంగు పట్టుకొని గురమ్మ. ముగ్గురూ తలలు వంచుకొని, మాటాపలుకూ లేకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ పెరడు దాటారు.

సరిగ్గా అప్పుడే పక్కింటి జుబేదా బీ, పొద్దుటి రేడియో వార్తలు అందించడానికి స్టూలెక్కి పిట్టగోడ మీదనుంచి తల పెట్టింది. చూస్తే ఏముంది! తెల్లబట్ట చుట్టి, మూడు చోట్ల కట్టిన పొడుగాటి మూట. రామాంజులు దాని కాళ్ళు పట్టుకున్నాడో తల పట్టుకున్నాడో గానీ, మూట బిర్కాలోకి పట్టక సగంలో ఇరుక్కుంటే, అంకాలమ్మ భుజం ఆనించి కిందికి కుక్కుతోంది.

"యా అల్లా! మామా పోయిందా!" అని జుబేదా బీ గుండె బాదుకుంది. "అరే అంకాలూ! ఏం పని ఇది? నీళ్ళు పొయ్యకుండా, నమాజు చదివించకుండా, ముసలామెను తలకిందులుగా తొట్లో తోస్తాండారా!"

"మామా కాదు జుబేదక్కా, గమ్మునుండు!"

"మామా కాకపోతే ఎవురు? ఎంతమందిని చంపినారే!"

"చంపల్యా! ఎవురికీ చెప్పగూడదు. మామానే వద్దనింది!"

చచ్చిన మనిషి వద్దని ఎట్లా చెబుతుందో అర్థంకాక జుబేదా బీ గొంతు ఇంకో రెండింతలు పెంచి వీధి దద్దరిల్లేలా ఏడ్చింది. ఆ వీధి మలుపులోనే ఇసుకమూటలు పేర్చుకొని ముగ్గురు ఇరాకీ సైనికులు కాపలా ఉన్నారు. వాళ్ళు బూట్ల చప్పుడుతో లోపలికి వచ్చేశారు. ముందున్న సార్జెంటుకు మెడలో గళ్ళ రుమాలు, నడుముకూ భుజానికీ అడ్డంగా రెండు వరసల తూటాల పటకాలు.

"షినూ హాదా?" అన్నాడు మూటను చూపించి. ఏమిటిదని.

రామాంజులు నోరు తెరిచేలోగానే అంకాలమ్మ రెండు చేతులూ జోడించింది. "మాఫీ రసాస్ బాబా! వల్లా, మాఫీ రసాస్!"

తూటాలు లేవు, ఒట్టు అని. వాటి ఊసు అప్పటిదాకా అక్కడ ఎవరూ ఎత్తలేదు. రెండు తుపాకులు ఒక్కసారిగా పైకి లేచాయి. రామాంజులు చేతులు కూడా పైకి లేచాయి. అతను వదిలేసిన మూట బిర్కా నోట్లోంచి ఒరిగి, గచ్చుమీద పడి ఛళ్ళుమంది. ఆ చప్పుడుకు ఇద్దరు సైనికులు బోర్లా పడుకున్నారు. ఏమీ పేలలేదని తేలాక, బట్టలు దులుపుకొని, ఎవరి మొహం వాళ్ళు దాచుకుంటూ లేచారు.

సార్జెంటు తుపాకీ మొనతో దుప్పటి తొలగించాడు. పగిలిన అద్దం, తెల్లరంగు కొయ్య. కిటికీని చూశాడు, ఇంటి గోడలో బెజ్జాన్ని చూశాడు, అంకాలమ్మను చూశాడు. "వేన్ రసాస్?" అన్నాడు. ఎక్కడ అని. చెప్పకూడదనే అనుకుంది అంకాలమ్మ. కానీ భయానికి వేలు దానంతటదే కొయ్యవైపు తిరిగింది.

ఈ గొడవకు నమాజు ముగించుకొని పెద్ద మామా కర్ర తాటిస్తూ పెరట్లోకి వచ్చింది. గోడ మీదనుంచి చూస్తున్న జుబేదా బీ, చచ్చిన మనిషి నడిచి రావడం చూసి, "తోబా!" అని స్టూలుతో సహా అవతలికి పడిపోయింది.

మామా ముందు సార్జెంటును తిట్టింది, బూట్లతో లోపలికి వచ్చినందుకు. తర్వాత రామాంజుల్ని తిట్టింది, కిటికీ పీకినందుకు. ఆపైన పెచ్చు ఒకటి ఊడదీసి సార్జెంటు ముక్కు కింద పెట్టి, "సుబుగ్! సుబుగ్ ఫీ రసాస్!" అని అరిచింది.

సార్జెంటు ఆ పెచ్చును గోటితో విరిచి చూశాడు. చూసి, పాము కరిచినట్టు రెండడుగులు వెనక్కి దూకాడు. మెడలోని రుమాలు లాగి ముక్కుకు కట్టుకున్నాడు. రామాంజులు నెరిసిన మీసం వైపు చూపించి ఏదో గట్టిగా అడిగాడు. రామాంజులు చేతులు ఇంకాస్త పైకెత్తాడు.

అప్పటికి జుబేదా బీ మోకాలు రుద్దుకుంటూ గేటులోంచి వచ్చింది. పదేళ్ళుగా ఉంటున్నది కాబట్టి ఆమెకు అరబ్బీ ధారాళం. సార్జెంటు చెప్పిందీ మామా చెప్పిందీ విని ఇటు తిరిగింది.

"రంగులో సీసా ఉండాదంట!"

చేతులెత్తుకొని ఉన్న రామాంజులు మొహంలో ఆ పొద్దు మొదటిసారి వెలుగు వచ్చింది. "సీసానా? యాడ? నిండుదా, ఖాళీదా?"

"నీ తలకాయ! తాగే సీసా కాదు. మా ఉర్దూలో సీసా అంటే మీ సీసం. అరబ్బీలో దానికీ రసాసే, తూటాకీ రసాసే. తూటా పోసేది సీసంతోనే గదా! ఎనకటి రంగుల్లో సీసం కలిపేటోళ్ళంట. ఈ అన్న మిలిటరీకి పట్టుకపోకముందు బస్రాలో పన్నెండేండ్లు ఇండ్లకు రంగులేసినాడంట. పొడిగా గీకినోడు ఎవుడని అడుగుతాండాడు."

"మామా తూటాలనింది గదక్కా!"

"సీసం అనింది. ఆ దుమ్ము పీలిస్తే మనిషి దెబ్బతింటాడంట. ఆమె మొగుని కింద రంగులేసే ఇద్దరికి మణికట్లు పడిపోయినాయంట. నీళ్ళతో తడిపి గీకమని చెప్పినా, చెయ్యి నోట్లో పెట్టుకోవద్దని ఏలు పెట్టి చూపిచ్చినా, వీళ్ళు కిటికీకి శవానికి మాదిరి కఫన్ చుట్టినారేంది అని అడుగుతాండాది."

మాయ్ అంటే తడపమని. నోటిమీద వేలంటే నోట్లో పెట్టుకోవద్దని. అంకాలమ్మ ఒక్కొక్కటే అర్థం చేసుకుంటూ ఉండగా సార్జెంటు గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. జుబేదా బీ మోకాలు రుద్దుకోవడం ఆపింది.

"ఏమంటాండాడు?"

"పెద్దోళ్ళకన్న పిల్లోళ్ళకు ఎక్కువంట. పెచ్చులు తియ్యగా ఉంటాయంట. ఏరుకొని తింటారంట. అన్నం సయించదు, కడుపులో నొప్పి, రానురాను చురుకు తగ్గిపోతాదంట. పని గుడ్డలతోనే ఎత్తుకుంటా ఉన్నందుకు ఆ అన్న కొడుక్కు ఐదేండ్లు వచ్చినా మాటలు సరిగ్గా రాలేదంట."

అంకాలమ్మ వెనక్కి తిరిగింది. వంటింటి మెట్టు మీద పాప బుద్ధిగా కూర్చొని ఉంది. గుప్పిడి మూసి ఉంది. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది.

అన్నం సయించకపోవడం, కడుపునొప్పి, "అమ్మా, అప్పడాలు." ఆకాశంలోనూ ఎడారిలోనూ వీధి మలుపులోనూ వెతుక్కున్న భయం ఇన్నాళ్ళూ బిడ్డ బుగ్గలో ఉంది. అమ్మణ్ణీ అని పిలవబోయింది. ఆ మాట రాలేదు.

"గురమ్మా! ఉమ్మెయ్యే! ఉమ్మెయ్!"

ఆ పేరుతో ఆ గొంతు పాప పుట్టాక వినలేదు. ఉలిక్కిపడి నోరు తెరిచింది. పెద్ద మామా కర్ర పారేసి, రెండు బుగ్గలూ నొక్కి, వేలు పెట్టి, బొటనవేలి గోరంత పెచ్చును బయటికి లాగింది. గుప్పిట్లోంచి ఇంకో నాలుగు రాలాయి. సార్జెంటు తన నీళ్ళసీసా మూత తీసి పాప చేత పుక్కిలింపించాడు. చేతులు సబ్బుతో తోమించాడు. వేలివేలికీ మధ్యన ఎట్లా తోమాలో అంకాలమ్మకు దగ్గరుండి చూపించాడు. పాలు పొయ్యి, గుడ్డు పెట్టు, ఆకుకూర తినిపించు, దారి దొరకగానే డాక్టరు దగ్గర రక్తం చూపించు అని చెప్పించాడు.

అంకాలమ్మ పాపను గుండెలకు కరుచుకొని మొగుడి వైపు తిరిగింది. "బస్సుకు పేర్లు రాయించిరాపో. ఈ పొద్దే."

"ఇంగ యాడి బస్సు మే? ఆఖరి బస్సు పోయి రెండు నెల్లయింది."

"ముందే ఎందుకు ఎక్కిచ్చలేదు మమ్మల్ని?"

చేతులు ఎప్పుడు దించాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి, రామాంజులు అట్లాగే నిలబడ్డాడు.

ఆ తర్వాత పని పెద్ద మామా చేతిలోకి వెళ్ళింది. పట్టుకుపోవడానికి వచ్చిన ఇద్దరు సైనికులూ తుపాకులు గోడకు ఆనించి, ముక్కులకు గుడ్డలు కట్టుకొని, సామాన్ల గది నేలను తడిగుడ్డతో తుడిచారు. ఒకడు చీపురు ఎత్తబోతే సార్జెంటు కసిరాడు, దుమ్ము మళ్ళీ లేస్తుందని. మూల మిగిలిపోతే మామా కర్రతో చూపించింది. తుడిచిన గుడ్డలూ, రాలిన పెచ్చులూ, కిటికీ, అన్నీ ప్లాస్టిక్ పట్టాలో మూటకట్టి పెరటి మూలకు చేర్చారు. రామాంజులు గుడ్డలు విడిచి వేరేగా నానబెట్టి, తలస్నానం చేసి, మళ్ళీ ముప్పై ఏళ్ళవాడయ్యాడు.

గోడ బెజ్జానికి సార్జెంటు రెండు పొరల ప్లాస్టిక్ పరిచాడు. రంగు ఎరగని పచ్చి సున్నపుగోడ మీద టేపు కరుచుకొని పట్టేసింది. గాలి వచ్చి దాన్ని రెండుసార్లు తట్టి చూసి, తలుపు తీసేవాళ్ళు లేరని వెళ్ళిపోయింది. అన్నం ఇంకా వార్చలేదు. అనుకున్న వేళకే పని అయింది.

"అంకాలూ, ఇంత గట్టిగా మూసిన గది ఫింటాస్ మొత్తంలో ఇంకోటి ఉండదు," అంది జుబేదా బీ.

"నిజమే అక్కా," అంది అంకాలమ్మ దిగులుగా. "మరి లోపల ఊపిరాడేది ఎట్లా?"

సైనికులు తుపాకులు తగిలించుకున్నారు. అంకాలమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. నడుముకూ భుజానికీ రెండు వరసల రసాస్ చుట్టుకున్న సార్జెంటు మూడుసార్లు సబ్బు పెట్టి చేతులు కడుక్కొని, గేటు దగ్గర ఆగి, గోళ్ళ సందుల్లో ఇంకా ఏమైనా రసాస్ మిగిలిందేమోనని ఎండకు పట్టి చూసుకొని మరీ వెళ్ళాడు.